ఈ నెల ఉత్తరాలన్నీ ఓటీటీ గురించే

ఈ శీర్షికకు మామూలుగా ఫ్రిజ్ వారంటీ, గ్యాస్ బుకింగ్, ఫోన్ రిపేరు లాంటి ప్రశ్నలు వస్తుంటాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: ఓటీటీ ఖర్చు తడిసి మోపెడవుతోంది, ఏం చేయాలి? కొందరైతే దాచుకోకుండా "మళ్లీ పైరసీకే వెళ్తున్నాం" అని రాశారు. నాకిది కొత్త సంగతి కాదు. తెనాలిలో 1996 నుంచి 2010 దాకా వీడియో క్యాసెట్లు, తర్వాత సీడీలు అద్దెకిచ్చే షాపు నడిపాను. ఇప్పుడు అదే గదిలో టీవీలు, ఫోన్లు బాగుచేస్తున్నాను. సినిమా కోసం మనవాళ్లు ఎంతవరకు పెడతారో, ఎక్కడ చేయి వెనక్కి తీసుకుంటారో కౌంటర్ దగ్గర కూర్చుని చూసినవాణ్ణి. అందుకే ఈసారి తక్కువ ఉత్తరాలు తీసుకుని వాటికే వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: అన్నయ్యా, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు ఆర్టీసీలో కండక్టర్. మొన్న బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని ఏడాది లెక్క వేశాను. అమెజాన్ ప్రైమ్‌కు 1,499. అందులో యాడ్స్ రాకుండా ఉండటానికి ఇంకో 699. నెట్‌ఫ్లిక్స్ నెలకు 499. ఇంటర్నెట్ జీఎస్టీతో కలిపి నెలకు 707. మొత్తం 16,670 రూపాయలు! మా చిన్నవాడి స్కూల్ బస్సు ఫీజు కూడా అంత లేదు. మావారు "అన్నీ తీసేయ్, ఆ పైరసీ సైటు ఐబొమ్మ పోతే దాని తమ్ముడు ఇంకోటి దొరక్కపోదు" అంటున్నారు. నాకేమో అలా చూడటం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
— ఒక టీచర్, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ లెక్క నేనూ కూడి చూశాను, సరిగ్గానే ఉంది. ముందు ఒక మాట. ఇంత ఖర్చు కావడంలో మీ తప్పేమీ లేదు. ప్రైమ్ మన దేశానికి 2016లో వచ్చినప్పుడు ఏడాదికి 499 రూపాయలు. మరుసటి ఏడాది 999 అయింది. 2021 డిసెంబర్‌లో 1,499 చేశారు. 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో యాడ్స్ మొదలయ్యాయి, అవి వద్దనుకుంటే ఏడాదికి మరో 699. అంటే మొదట్లో 499కి చూసినట్టు అడ్డంకి లేకుండా చూడాలంటే ఇప్పుడు 2,198 కావాలి. తొమ్మిదేళ్లలో నాలుగు రెట్లు దాటింది. సరుకులు ఇంటికి తెచ్చిచ్చే సదుపాయం కూడా అందులోనే ఉందంటారు. ఉంది, కాదనను. కానీ ఈ తొమ్మిదేళ్లలో ప్రైవేటు స్కూల్ టీచర్ జీతం ఎన్ని రెట్లు పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

క్రికెట్ సంగతీ అంతే. 2023లో, 2024లో ఐపీఎల్‌ను జియోసినిమాలో ఉచితంగా చూపించారు. ఊరూరా ఫోన్‌లో మ్యాచ్ చూడటం అలవాటైంది. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాక దానికి డబ్బు కట్టాల్సి వచ్చింది. ఒకసారి ఇంట్లో పిల్లలకు అలవాటయ్యాక తీసేయడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు. కంపెనీలకూ తెలుసు.

ఇక మీరు చేయగలిగింది చెప్తాను. అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. క్యాసెట్ల రోజుల్లో మా షాపు నుంచి ఏ ఇంటికీ ఐదు క్యాసెట్లు ఒకేసారి వెళ్లేవి కావు. ఒకటి తీసుకెళ్లి, చూసి, తిరిగిచ్చి, ఇంకోటి పట్టుకెళ్లేవాళ్లు. ఓటీటీ కూడా అలాగే వాడుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో 499 ప్లాన్ బదులు 199 ప్లాన్ ఉంది. అది ఒక్క స్క్రీన్ మీదే వస్తుంది, బొమ్మ కాస్త తక్కువ నాణ్యతతో ఉంటుంది. 32 అంగుళాల టీవీలో పెద్ద తేడా కనిపించదు. అది కూడా మూడు నెలలకొకసారి, ఒక్క నెలకే వేసుకోండి. ఆ మూడు నెలల్లో వచ్చినవన్నీ ఆ నెలలో చూసుకోవచ్చు. ఏడాదికి 5,988 పోయే చోట 796తో సరిపోతుంది. ప్రైమ్‌లో 699 తీసేయండి. వేసవి సెలవుల్లో పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు యాడ్స్ మరీ విసిగిస్తే నెలకు 129 కట్టే పద్ధతి ఉంది, ఆ ఒక్క నెలకు కట్టండి. ఈ మార్పులతో, ఆ 129 లేకుండా, ఓటీటీల ఖర్చు 8,186 నుంచి 2,295కి దిగుతుంది. మిగిలిన 5,891 మీ బస్సు ఫీజుకు వేసుకోండి.

ఇంకొకటి. మీ ఫోన్ల రీచార్జిలో, ఇంటర్నెట్ ప్లాన్‌లో ఏ ఓటీటీ కలిసి వస్తోందో ఒకసారి చూడండి. మా షాపుకు టీవీ బాగుచేయించుకోవడానికి వచ్చే వాళ్లలో కొందరు ఒకే యాప్‌కు రెండు చోట్ల డబ్బు కడుతుంటారు. రీచార్జితో వచ్చింది వాడరు, విడిగా మళ్లీ కొంటారు. వాళ్లకు చూపిస్తే ముందు నమ్మరు, తర్వాత తల పట్టుకుంటారు.

మీవారు అన్న మాటకు జవాబు కింది ఉత్తరంలో ఉంది. ఆయన చేత కూడా చదివించండి.

ప్రశ్న: అన్నా, ఐబొమ్మ మూయించారని ఇండస్ట్రీ పెద్దలు పోలీసులను మెచ్చుకున్నారు. పుష్ప 2 ప్రీమియర్‌కు టికెట్ రేటు బాగా పెంచుకోమని ప్రభుత్వం జీవో ఇచ్చినప్పుడు మా గురించి ఎవరూ ఆలోచించలేదు. మా హాస్టల్లో నలుగురం ఒక ఫోన్‌లో చూసేవాళ్లం. ఇప్పుడు ఇంకో సైటు దొరికింది, అందులో చూస్తున్నాం. డబ్బు లేనివాడు చూస్తే అంత నేరమా?
— డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమైంది. టికెట్ సంగతిలో నీ మాటకు ఎదురు చెప్పలేను. పోయిన సంక్రాంతికి ఇంటిల్లిపాదీ ఐదుగురం సినిమాకు వెళ్లాం. టికెట్లు, ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు, పాప్‌కార్న్, బండి పార్కింగ్ కలిపి రెండు వేలు దాటింది. మా అమ్మ బయటికొచ్చాక సినిమా ఎలా ఉందో చెప్పలేదు, "ఆ డబ్బుతో నెలకు సరిపడా బియ్యం వచ్చేవి" అంది. ఇలాంటి మాట వచ్చిన ఇంట్లో మళ్లీ థియేటర్ ఊసెత్తడానికి ఏడాది పడుతుంది.

జనం డబ్బు పెట్టరు, వాళ్లకు ఫ్రీగా కావాలి అనేవాళ్లకు నేనొక సంగతి చెప్తుంటాను. 2006, 2007 ప్రాంతంలో మా ఊరి బస్టాండ్ దగ్గర దొంగ సీడీలు 30 రూపాయలకు అమ్మేవాళ్లు. అసలు సీడీ వంద పైమాటే. నా షాపులో అద్దెకిచ్చేవి రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. అప్పుడు మోసర్ బేర్ అనే కంపెనీ ఒరిజినల్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు తెచ్చింది. తెలుగు సినిమాలు కూడా. మొదటి పెట్టె వచ్చిన రోజు నాకు గుర్తుంది. గట్టి అట్ట, లోపల మెరిసే డిస్కు, మీద హీరో బొమ్మ మసకబారకుండా, తెలుగులో పేరు తప్పుల్లేకుండా. ఒక హైస్కూల్ అబ్బాయి 30 రూపాయలు గుప్పెట్లో పట్టుకుని వచ్చాడు. దొంగ సీడీ కొనుక్కోవడానికి బస్టాండ్‌కు వెళ్తూ దారిలో ఆగాడు. ఒరిజినల్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ఇది నిజంగా 28 రూపాయలేనా?" అని రెండుసార్లు అడిగాడు. నేను రెండు రూపాయల చిల్లర వెనక్కిచ్చాను. ఆ వారం ఆ పెట్టెలో ఒక్కటీ మిగల్లేదు. బస్టాండ్ దగ్గర అమ్మేవాడు నా దగ్గరికొచ్చి "మీరిలా అమ్మితే మేమెలా బతకాలి" అన్నాడు! ఆ రోజు వాడి బేరాన్ని దెబ్బతీసింది పోలీసులు కాదు, ఆ 28 రూపాయల ధర.

అందుకే ధర సరిగ్గా పెడితే మనవాళ్లు కొంటారని గట్టిగా నమ్ముతాను. నెట్‌ఫ్లిక్స్ అంత పెద్ద కంపెనీ కూడా 2021 డిసెంబర్‌లో మన దేశంలో అప్పట్లో 499 ఉన్న బేసిక్ ప్లాన్‌ను 199కి దించింది. మన జేబు చూసే దించింది. ఈవై అనే కన్సల్టింగ్ సంస్థ, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ కలిసి 2024లో ఇచ్చిన నివేదికలో, పైరసీ చూసేవాళ్లలో 64 శాతం మంది యాడ్స్ వచ్చినా సరే, ఉచితంగా ఇస్తే సక్రమమైన చోటికే వస్తామన్నారు. అదే నివేదికలో 70 శాతం మంది ఓటీటీకి చందా కట్టే ఉద్దేశం లేదని కూడా అన్నారు, అదీ దాచను. ఆ రెండో మాట చూసి నిర్మాతలు కోప్పడతారు. మొదటి మాట కూడా చదవాలని నా విన్నపం.

ఇక నీ ప్రశ్న. డబ్బు లేనివాడు చూస్తే అంత నేరమా అన్నావు. నీ పేదరికాన్ని నేనెలా తప్పుపడతాను? కానీ ఆ సైటువాడు నీ పేదరికం చూసి జాలిపడి సినిమా పెట్టాడనుకోవద్దు. 2025 నవంబర్‌లో ఐబొమ్మ కేసులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు, హార్డ్ డిస్కుల్లో 21 వేల సినిమాలతో పాటు 50 లక్షల మంది వివరాలు దొరికాయని చెప్పారు. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో డబ్బు వచ్చేదని చెప్పారు. కేసు కోర్టులో తేలాలి. కానీ ఇలాంటి ఏ సైటు తెరిచినా ముందు ఎగిరిపడేది బెట్టింగ్ యాడే కదా, అది నీ కళ్లతో నువ్వే చూసి ఉంటావు. బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకుని ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని చదివాం! టికెట్ కొనలేని హాస్టల్ పిల్లాడి ముందుకే వాడు ఆ యాప్ తెచ్చి పెడుతున్నాడు. నాకు మండేది అక్కడ.

ఇంకో సంగతి కూడా విను. రెండు నెలల కింద మా వీధి ఆటో డ్రైవర్ ఒకాయన ఫోన్ తెచ్చాడు. "వేడెక్కిపోతోంది, చార్జింగ్ నిలవట్లేదు, బ్యాటరీ మార్చు" అన్నాడు. బ్యాటరీ బాగానే ఉంది. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తీస్తే, చివర్లో పేరు లేని యాప్ ఒకటి. బొమ్మ కూడా లేదు, ఖాళీ తెల్ల గడి. కొత్త సినిమా అని టెలిగ్రామ్‌లో లింకు వచ్చిందట. నొక్కితే "ముందు ఈ ప్లేయర్ వేసుకోండి" అందట, వేసుకున్నాడు. దానికి ఏమేం అనుమతులు ఇచ్చాడో చూశాను. ఎస్సెమ్మెస్‌లు చదవడం, కాంటాక్టులు, తెర మీద ఏం కనిపిస్తోందో చూడటం. సినిమా ఆడించే యాప్‌కు ఎస్సెమ్మెస్‌లతో పనేంటి? బ్యాంకు ఓటీపీ వచ్చేది అక్కడికే. ఆ యాప్ తీసేసి, ఫోన్ మొత్తం రీసెట్ చేసి, ఆయన్ను కూర్చోబెట్టి బ్యాంకు పిన్నులన్నీ మార్పించాను. అప్పటికి ఖాతాలో 340 రూపాయలే ఉండటంతో బతికిపోయాడు. మర్నాడే ఫైనాన్స్ కిస్తీ కోసం 9 వేలు వేయాల్సి ఉంది. ఇంతకీ ఆ ప్లేయర్‌లో సినిమా ఆడలేదట.

నువ్వు, నీ ముగ్గురు స్నేహితులు తలా 50 రూపాయలు వేసుకుంటే నెట్‌ఫ్లిక్స్ నెల ప్లాన్ వస్తుంది. గదిలో కూర్చుని నలుగురూ ఒకే ఫోన్‌లో చూడొచ్చు, ఇప్పుడు చూస్తున్నట్టే. పరీక్షల నెలలో మానేయండి. ఇప్పటికే ఆ కొత్త సైటు నుంచి ఏదైనా యాప్ వేసుకుని ఉంటే ఇవాళే తీసేయి. ఎవరి ఖాతాలోంచైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: పైరసీ సినిమా చూస్తే జైలుకు పంపుతారని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా? టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. అందులోని శిక్షలు థియేటర్‌లో సినిమాను రికార్డు చేసేవాళ్లకు, దాన్ని జనంలోకి వదిలేవాళ్లకు. మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. ఆ జరిమానా సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా వెళ్లొచ్చు. ఇంట్లో కూర్చుని చూసినవాళ్లు తాము దొంగలం కాదనుకుంటారు. కానీ గుర్తుంచుకోండి, ఫ్యామిలీ గ్రూపులోనో ఊరి గ్రూపులోనో ఆ ఫైలు పంపితే అది చూడటం కాదు, పంచడం. థియేటర్‌లో హీరో ఎంట్రీ సీను తీసి స్టేటస్ పెట్టుకునే పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. 2013లో అత్తారింటికి దారేది విడుదల కాకముందే సగం సినిమా బయటికొచ్చింది, కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముతుంటే దొరికింది. నా సీడీల షాపు మూసేసి అప్పటికి మూడేళ్లయినా, ఇద్దరు వచ్చి "నీ దగ్గరేమైనా ఉందా" అని గుసగుసగా అడిగారు. లేదన్నాను. ఉన్నా ఇచ్చేవాణ్ణి కాదు.

ప్రశ్న: బాబూ, నేను రిటైరైన గుమస్తాని, వయసు 71. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. వాడి నెట్‌ఫ్లిక్స్‌నే ఇక్కడ మా టీవీలో నేనూ, మా ఆవిడా చూసేవాళ్లం. ఇప్పుడేమో ఈ టీవీ ఆ ఇంటికి సంబంధించింది కాదు అని వస్తోంది. మా అబ్బాయి ఇల్లు మా ఇల్లు కాకుండా ఎలా పోతుంది?
— నిజామాబాద్ నుంచి ఒక తండ్రి

జవాబు: బాబాయ్‌గారూ, మీ ఆఖరి వాక్యం చదివి కాసేపు కలం కింద పెట్టేశాను. 2023 జులై నుంచి ఆ కంపెనీ మన దేశంలో ఒక ఖాతాను ఒకే ఇంట్లో వాడాలని నియమం పెట్టింది. ఏ ఇల్లు అన్నది ఇంటర్నెట్ కనెక్షన్‌ను బట్టి చూస్తుంది. మన దగ్గర కొడుకు ఉద్యోగానికి ఊరు దాటి వెళ్లినా రేషన్ కార్డులో పేరు అలాగే ఉంటుంది, పండక్కి పెట్టె సర్దుకుని వచ్చేది ఆ ఇంటికే. వైఫై వేరైనంత మాత్రాన ఇల్లు వేరు కాదు. ఆ నియమం రాసినవాళ్లకు మన కుటుంబాలు తెలియవు, నా అభిప్రాయం ఇంతే. తల్లిదండ్రుల టీవీ ఒక్కదానికైనా అదనపు డబ్బు లేకుండా అవకాశం ఇవ్వాలి.

అది జరిగేదాకా, అబ్బాయికి ఫోన్ చేయండి. టీవీలో ఆ మాట వచ్చినప్పుడు తాత్కాలికంగా చూడటానికి కోడ్ అడిగే వీలుంటుంది, అది అబ్బాయి ఫోన్‌కో మెయిల్‌కో వెళ్తుంది. ఆయన చదివి చెప్తే కొన్నాళ్లు నడుస్తుంది. ఎప్పుడూ కుదరదు. అది ఇబ్బందనుకుంటే, మీకు బాగా నచ్చింది ఏదైనా వచ్చిన నెలలో 199 ప్లాన్ మీ పేరుతోనే వేసుకోండి. ఏడాదికి వంద రూపాయలకే ఖాతా అమ్ముతామని ఫేస్‌బుక్‌లో, టెలిగ్రామ్‌లో ప్రకటనలు వస్తాయి, వాటి జోలికి మాత్రం పోకండి. అవి ఎవరివో దొంగిలించిన ఖాతాలు కావచ్చు. ఈ వయసులో మీ పెన్షన్ ఖాతా వివరాలు అలాంటివాళ్ల చేతిలో పడటం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: ఒక రూపాయికి ట్రయల్ అంటే ఒక యాప్ వేసుకున్నాను. ఇప్పుడు నెలనెలా డబ్బు కట్ అవుతోంది. యాప్ తీసేసినా ఆగట్లేదు.
— గృహిణి, అనంతపురం

జవాబు: యాప్ తీసేస్తే ఆటోపే ఆగదమ్మా, అది బ్యాంకు దగ్గర ఉండిపోతుంది. మీరు డబ్బు పంపే యూపీఐ యాప్ తెరిచి, అందులో ఆటోపే అనే చోటికి వెళ్లండి. మీరు ఒప్పుకున్నవన్నీ వరుసగా కనిపిస్తాయి. ఆ పేరు మీద నొక్కి రద్దు చేయండి, యూపీఐ పిన్ అడిగితే కొట్టండి. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం ఇలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌లు చూడకుండా చెరిపేయకండి. సులువుగా చేర్చుకుని, బయటికి పోనివ్వకుండా తిప్పించే పద్ధతిని 2023లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు తప్పుడు వ్యాపార పద్ధతుల్లో చేర్చాయి. కంపెనీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ప్రశ్న: మా నాయనమ్మకు 84 ఏళ్లు. పాత పౌరాణికాలంటే ప్రాణం. వాటి కోసం ఓటీటీ కొనాలా? కొత్త సినిమా ఒక్కటే చూడాలనుకుంటే ఏడాది చందా కట్టకుండా దారుందా?
— శ్రీకాకుళం నుంచి ఒక మనవరాలు

జవాబు: పాత సినిమాలకు ఏమీ కొనొద్దు తల్లీ. హక్కులున్న సంస్థలే చాలా పాత తెలుగు సినిమాలను యూట్యూబ్‌లో పెట్టాయి, యాడ్స్ వస్తాయి, అంతే. సినిమా కింద సంస్థ పేరు చూసి పెట్టండి. దూరదర్శన్ వాళ్లది వేవ్స్ అనే ఓటీటీ 2024 నవంబర్‌లో మొదలైంది, అందులోనూ ఉచితంగా చూసేవి ఉన్నాయి. కొత్త సినిమా ఒక్కటే కావాలంటే ప్రైమ్‌లో కొన్నింటిని అద్దెకిస్తారు. చూడటం మొదలుపెట్టిన 48 గంటల్లో పూర్తి చేయాలి. 2025 ఆగస్టులో ఆమిర్ ఖాన్ తన సినిమా సితారే జమీన్ పర్‌ను ఏ ఓటీటీకీ ఇవ్వకుండా యూట్యూబ్‌లో 100 రూపాయలకు పెట్టారు. ఇంట్లో ఆరుగురు చూసినా వందే. మన తెలుగు నిర్మాతలు కూడా ఆ దారి పడితే నా క్యాసెట్ అద్దె రోజులు ఇంకో రూపంలో తిరిగొచ్చినట్టే, నేనైతే ఎదురుచూస్తున్నాను.

నాయనమ్మగారికి వినికిడి తగ్గి ఉంటే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో మాటలు తేటగా వినిపించే ఆప్షన్ ఉందేమో చూడండి, ఇప్పుడొచ్చే చాలా టీవీల్లో ఉంటోంది. వాల్యూమ్ పెంచడం కన్నా అది మేలు. పద్యాలు వచ్చేటప్పుడు మాత్రం మళ్లీ మామూలు సౌండ్‌కు మార్చండి, లేకపోతే హార్మోనియం వెనక్కి పోతుంది, ఆవిడకు నచ్చదు.